పది టాలర్ల లోజర్‌ను నాణెం అనాలా, పతకం అనాలా?

వెండిగుట్ట

మన సమష్టి నాణేల పట్టికలో ఐరోపా విభాగాన్ని చూస్తుంటే ఒక మార్పు నన్ను చాలా బాధించింది. ఉత్తర జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్-ల్యూనెబుర్గ్ ప్రభువులు 1574 నుంచి శతాబ్దానికి పైగా ముద్రించిన లోజర్‌లన్నింటినీ, అంటే ఒకటికి మించిన టాలర్ల (టాలర్ అంటే జర్మన్ రాజ్యాల పెద్ద వెండి నాణెం) విలువ గల ముక్కలన్నింటినీ, ఎవరో పతకాల విభాగంలోకి తరలించి, "బహుమతి వస్తువు, చలామణి కాలేదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అరచేతిని నింపేంత వెడల్పుతో, ఒకటిన్నర టాలర్ నుంచి పది టాలర్లకూ అంతకు పైకీ తూగే ఈ వెండి ముక్కలను నేను చాలా కాలంగా చదువుతున్నాను. వీటిని ప్రభుత్వ టంకశాలే ముద్రించింది, దేశంలో చెల్లే టాలర్ తూకానికి సరిగ్గా ఇన్ని రెట్లు ఉండేలా ముద్రించింది. ఇంత స్పష్టమైన లెక్క ఉన్నదాన్ని పతకం అనడానికి ఆధారమేమిటో ఆ మార్పు చేసినవారు దయచేసి వివరించాలి.

పాతబస్తీ_నాణేలు

ఆ మార్పు చేసింది నేనే, కారణం కూడా చెబుతాను. నాణెం అంటే చేతులు మారాలి. పది టాలర్ల ముక్క పట్టుకుని ఆ ప్రభువుల రాజధాని వోల్ఫెన్‌బ్యూటెల్ సంతలో ఎవరూ ధాన్యం కొని ఉండరు. ప్రభువు బొమ్మ, వంశ చిహ్నాలు, లాటిన్ నినాదం, గొప్ప చెక్కడపు పని, ఇవన్నీ చూపించుకోవడానికి చేసినవి. రాయబారులకూ బంధువులకూ ఆస్థాన ఉద్యోగులకూ ఇచ్చేవారు. మన దగ్గర మొగలుల నజరానా నాణేలనూ, ఊరేగింపులో వెదజల్లిన నిసార్‌లనూ మామూలు రూపాయల నుంచి వేరుచేసి చూపిస్తున్నాము కదా. అదే నియమం ఇక్కడా పాటించాను.

తూనికరాయి

వాదనలోకి దిగేముందు తూకం అందరి ముందూ ఉండటం మంచిది. 1566 తరువాత పవిత్ర రోమన్ సామ్రాజ్యపు అధికారిక టాలర్ అయిన రైఖ్స్‌టాలర్ లెక్క ఇది: కొలోన్ మార్కు అనే 233.86 గ్రాముల పాత కొలత మేలిమి వెండి నుంచి తొమ్మిది టాలర్లు రావాలి. అంటే ఒక్కో టాలర్‌లో 25.98 గ్రాముల మేలిమి వెండి ఉండాలి. వన్నె (వెండి స్వచ్ఛత) వెయ్యికి 889 కాబట్టి మొత్తం తూకం 29.23 గ్రాములు. పది టాలర్ల లోజర్ 292 గ్రాములు తూగాలి, పాత 11.66 గ్రాముల తులంలో చెప్పాలంటే ఇంచుమించు 25 తులాలు. మన పట్టికలో "సుమారు 400 గ్రాములు" అని ఉన్నది తప్పు, ముందు దాన్ని దిద్దాలి.

వెండిగుట్ట

ఆ అంకెను దిద్దేశాను, కృతజ్ఞతలు. పాతబస్తీ గారూ, మీ నజరానా పోలికలో ఒక చిక్కుంది. నజరానా కింది నుంచి పైకి వెళ్తుంది, కొలువులోకి వచ్చినవాడు పాదుషాకో నిజాముకో సమర్పించుకుంటాడు. లోజర్ దారి దానికి ఎదురు, అది ప్రభువు నుంచి ప్రజల వైపు వచ్చింది. అందులోనూ మొదటి రోజుల్లో అది బహుమతిగా రాలేదు, కొనిపించారు.

గోదావరి_గట్టు

కొనిపించడమంటే ఏమిటి? బలవంతంగానా?

చరిత్ర_విద్యార్థిని

ఈ ప్రశ్నకు కొంచెం విస్తరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే లోజర్ పుట్టుక అంతా ఇందులోనే ఉంది. ఆ వంశంలో వోల్ఫెన్‌బ్యూటెల్ శాఖకు చెందిన జూలియస్ ప్రభువు 1568 నుంచి 1589 వరకు పాలించాడు. తన రాజ్యంలో ప్రొటెస్టంట్ సంస్కరణ మతాన్ని స్థిరపరిచాడు, 1576లో హెల్మ్‌ష్టెట్ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించాడు, హార్జ్ కొండల గనులను పెంచడానికి ఓకర్ నదిని కలప రవాణాకు అనువుగా మలిచాడు. లెక్క తెలిసిన పాలకుడు. అతని తండ్రి హైన్రిష్ 1552లో రీహెన్‌బెర్గ్ ఒప్పందంతో గోస్లార్ నగరం చేతిలోంచి రామెల్స్‌బెర్గ్ గనిని లాక్కున్నాడు కాబట్టి కొడుకు పాలనకు వచ్చేనాటికి వెండి, సీసం సమృద్ధిగా ఉన్నాయి.

ఆ వెండి టాలర్లుగా మారి దేశం దాటిపోకుండా ఉండాలంటే ఏంచేయాలి? 1574లో జూలియస్ పెద్ద ముక్కలు కొట్టించి, ప్రజలలో ఆస్తి ఉన్నవారు తమ ఆస్తికి తగిన తూకం ఉన్న ముక్కను కొని ఇంట్లో దాచుకోవాలని విధించాడని నాణేల చరిత్రకారులు చెబుతూ వచ్చారు. దాన్ని ఖర్చు చేయకూడదు, కరిగించకూడదు, అధికారులు అడిగినప్పుడు చూపించాలి. నిజంగా అవసరం పడితే ప్రభుత్వం దగ్గరే తాకట్టుపెట్టి డబ్బు తీసుకోవచ్చు. యుద్ధమో మరో ఆపదో వస్తే ప్రభువుకు ఆ వెండి ఎక్కడెక్కడ ఉందో ముందే తెలిసి ఉంటుంది. రైతుకూలీల ఇళ్ళలోకి ఇది వెళ్ళి ఉండదని నా అభిప్రాయం. కొనగలిగిన పట్టణవాసులూ, భూస్వాములూ, ఉద్యోగులే దీని భారం మోశారు.

గోదావరి_గట్టు

అయితే అది పొదుపా, పన్నా?

చరిత్ర_విద్యార్థిని

వెండి కొన్నవాడి పెట్టెలోనే ఉంటుంది కాబట్టి పన్ను కాదు. ఖర్చుపెట్టే హక్కు లేదు కాబట్టి పూర్తిగా అతని పొదుపూ కాదు. నిర్బంధ నిల్వ అనడం నాకు సరిగ్గా తోస్తుంది.

పాతబస్తీ_నాణేలు

మీరు చెప్పినదే నా వాదనను బలపరుస్తోంది. ఖర్చు చేయకూడదని ఆజ్ఞాపించిన వస్తువు నాణెం ఎలా అవుతుంది? పైగా ఆ ఆజ్ఞ జూలియస్ కాలానిది. 17వ శతాబ్దంలో అతని వారసులూ ఇతర శాఖల ప్రభువులూ కొట్టించినవి దాదాపు పూర్తిగా గౌరవ కానుకలు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నాము కాబట్టి ఒకే గంపలో వేయనవసరం లేదు.

టంకశాల_పనివాడు

ఇద్దరూ ముక్క మీదే ఉన్న ఒక ఆధారాన్ని వదిలేస్తున్నారు. 17వ శతాబ్దపు లోజర్‌లలో ఒకే జత అచ్చులతో రెండు టాలర్లదీ, మూడు టాలర్లదీ, నాలుగు టాలర్లదీ కొట్టేవారు. వెడల్పు మారదు, రేకు మందం మాత్రమే మారుతుంది. బొమ్మ చూసి విలువ చెప్పడం అసాధ్యం కాబట్టి, ముద్రించిన తరువాత చిన్న అంకెను విడి అచ్చుతో కొట్టేవారు, 2 అనో 3 అనో 4 అనో. పతకానికి ఆ అంకెతో పనేమిటి? ఈ ముక్కలో ఇన్ని టాలర్ల వెండి ఉందని టంకశాల తన ముద్రతో హామీ ఇస్తోంది. కొలువులో కానుకగా పుచ్చుకున్నవాడికి కూడా తన చేతికి వచ్చినదాని విలువ ఎంతో తెలియాలి.

వెండిగుట్ట

నేను చెప్పాలనుకున్న మాట ఇదే, నాకన్నా బాగా చెప్పారు. ఆ అంకె లేకపోతే పాతబస్తీ గారితో నేనే ఏకీభవించేవాణ్ణి.

కంసాలి_వీధి

విడిగా కొట్టిన అంకె విషయంలో ఒక హెచ్చరిక. మా దుకాణానికి ఒక పెద్దాయన తమ కుటుంబంలో ఎప్పటినుంచో ఉందంటూ నాలుగు టాలర్ల ముక్కను తెచ్చారు. అంకె చక్కగా ఉంది, కానీ బొమ్మలోని గీతలు ఎంత మెత్తబడి ఉన్నాయో అంకె అంచులూ అంతే మెత్తగా ఉన్నాయి. నిజమైన ముక్కలో అంకె ముద్రణ తరువాత దిగింది కాబట్టి, దాని చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బాలి, కింద ఉన్న గీతలు నలగాలి. ఆయన తెచ్చినది పోత పోసిన నకలు, అంకె కూడా పోతలోనే వచ్చింది. భూతద్దం లేకుండా కొనవద్దు.

గోదావరి_గట్టు

తూకం చూస్తే తెలియదా?

కంసాలి_వీధి

తూకం ఒక్కటే చాలదు, మందం పెంచి తూకం సరిపెట్టడం ఎవరికైనా వచ్చు. నీటిలో తూచాలి. వెయ్యికి 889 వన్నె, మిగిలినది రాగి అనుకుంటే సాంద్రత 10.3 దరిదాపుల్లో ఉండాలి. 292 గ్రాముల ముక్కను దారంతో నీటిలో వేలాడదీసి తూస్తే 28 గ్రాముల పైచిలుకు తగ్గాలి. ఎక్కువ తగ్గిందంటే లోపల తేలిక లోహం ఉంది. ఇంకొక మాట, అంచు చుట్టూ తిప్పి చూడండి. ఇలాంటి ముక్కలను చాలామంది గొలుసుకు తగిలించుకున్నారు, అందుకు అతికించిన కొండిని తరువాతి యజమానులు తీసేసి ఆ చోటును ఆకురాయితో నునుపు చేశారు. ఆ ఆనవాలు వల్ల అమ్మకపు ధర బాగా తగ్గుతుంది, కానీ ముక్క నిజమైనది కాదని దాని అర్థం కాదు.

పాతబస్తీ_నాణేలు

గొలుసుకు తగిలించుకున్నారని మీరే అంటున్నారు. ఆభరణంగా ధరించిన వస్తువు గురించేగా మాట్లాడుతున్నాము.

తూనికరాయి

కాసులపేరు ధరించినంతలో కాసు నాణెం కాకుండా పోదు.

హానోవర్_తెలుగు

నేను ఉద్యోగరీత్యా జర్మనీలోని దిగువ సాక్సనీలో ఉంటున్నాను, హార్జ్ కొండలు ఇక్కడికి దగ్గర. క్లౌస్తాల్, త్సెల్లర్‌ఫెల్డ్, లౌటెన్‌తాల్ ఊళ్ళు తిరిగినవాడిగా, ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఈ ముక్కల మీద ఏ బొమ్మ ఉందో మనం సరిగ్గా చూడటం లేదు.

క్రిస్టియన్ లుడ్విగ్ ప్రభువు 1648 నుంచి 1665 వరకు అదే వంశపు త్సెల్లె శాఖను ఏలాడు. అతని లోజర్‌లలో నేను ఎక్కువగా ఇష్టపడే రకంలో, పైన గుర్రం గాలిలోకి ఎగురుతూ ఉంటుంది, మేఘాల్లోంచి వచ్చిన చేయి దానికి దండ అందిస్తుంది. ఆ గుర్రం వంశ చిహ్నం, ఈనాటి దిగువ సాక్సనీ జెండా మీద కూడా అదే గుర్రం ఉంది. కింద మాత్రం హార్జ్ గనుల దృశ్యం ఉంటుంది, కొండలు, గని ముఖాల మీద కట్టిన కప్పులు, పనిలో ఉన్న మనుషులు. ఆ కాలపు మరికొన్ని ముక్కల్లో నేలను నిలువునా కోసినట్టు చూపించి, లోపల పనిచేసే గనికార్మికులను కూడా చెక్కారు. గని చరిత్ర రాసేవారు వీటిని ఆధారంగా వాడుకోదగినంత వివరం వాటిలో ఉంది.

ఆ గనులలో అతిపెద్ద శత్రువు నీరు. లోతుకు పోయేకొద్దీ ఊట నీరు నిండుతుంది, దాన్ని తోడే యంత్రాలను తిప్పడానికి మళ్ళీ నీరే కావాలి. అందుకోసం కొండల మీద చెరువులు కట్టి, మైళ్ళ కొద్దీ కాలువలు తవ్వి, నేల అడుగున చక్రాలు తిప్పారు. రామెల్స్‌బెర్గ్ గని, గోస్లార్ పాత పట్టణం 1992లో యునెస్కో జాబితాలో చేరాయి, ఎగువ హార్జ్ నీటి వ్యవస్థ 2010లో వాటికి జత అయింది. ఆ చెరువుల గట్ల మీద ఇప్పటికీ నడవవచ్చు. నా దృష్టిలో లోజర్ ఆ మొత్తం వ్యవస్థ చేతికి వచ్చే రూపం. ప్రభువు తన చేతిలోని వెండిని మాత్రమే ఇవ్వలేదు, ఆ వెండి ఎక్కడ నుంచి ఎలా వచ్చిందో కూడా దాని మీదే గీయించి ఇచ్చాడు.

చరిత్ర_విద్యార్థిని

ఎవరి చెమటతో వచ్చిందో కూడా చూపించాడు అనాలి. అంతటి చిన్న బొమ్మల్లోనైనా గనికార్మికుడు ఆ వెండి మీద కనిపించడం నాకు ఎంతో ముఖ్యంగా అనిపిస్తుంది. ఆ కాలపు ఐరోపా నాణేలలో పనిచేసే మనిషి బొమ్మ అరుదు.

పాతబస్తీ_నాణేలు

బొమ్మ గొప్పదనాన్ని నేను కాదనలేదు. కానీ హానోవర్ గారూ, మీరు వర్ణించినది ప్రచారం. నా కొండల్లో ఇంత సంపద ఉంది, దేవుడు నా గుర్రానికి దండ వేస్తున్నాడు అని చెప్పడానికి కొట్టించిన ముక్క అది. ప్రచారం పతకం చేసే పని.

టంకశాల_పనివాడు

ప్రచారం ఉంటే పతకం అన్న నియమం పెట్టుకుంటే, ఆ వంశపు ఒంటి టాలర్లలో సగం పతకాలైపోతాయి. జూలియస్ టాలర్ల మీద అడవిమనిషి చేతిలో కొవ్వొత్తి ఉంటుంది, "ఇతరులకు సేవ చేస్తూ కరిగిపోతాను" అన్న లాటిన్ మాటల భావంతో. అతని కొడుకు హైన్రిష్ జూలియస్ తనకు ఎదురుతిరిగిన ఉన్నత కుటుంబాల మీద కోపంతో 1595 నుంచి 1599 వరకు వరసగా తిరుగుబాటు టాలర్, అబద్ధపు టాలర్, సత్యపు టాలర్, కందిరీగ టాలర్ కొట్టించాడు. 1643లో ఆగస్ట్ ప్రభువు తన రాజధాని నుంచి సామ్రాజ్య సేనలు వైదొలగుతున్న సందర్భానికి గంట టాలర్లు కొట్టించాడు. ఇవన్నీ ఒంటి టాలర్ తూకమే, ఇవన్నీ చలామణిలోకి వెళ్ళాయి, వీటిని నాణేలు కావని ఎవరూ అనరు. బొమ్మ ఏం చెబుతోంది అన్నదానితో వర్గం తేలదు.

వెండిగుట్ట

1622 నాటి క్రిస్టియన్ టాలర్‌ను కూడా ఇక్కడ చేర్చాలి. అదే వంశపు సైన్యాధిపతి క్రిస్టియన్ పాడర్‌బోర్న్ చర్చి నుంచి దోచిన వెండిని కరిగించి, "దేవుని మిత్రుడు, మతగురువుల శత్రువు" అని దాని మీదే అచ్చు వేయించాడు. అంతకన్నా బాహాటమైన ప్రచారం ఉండదు, అయినా అది సైన్యానికి జీతంగా పంచడానికి పనికొచ్చిన నాణెమే.

చరిత్ర_విద్యార్థిని

1622 అంటే గుర్తొచ్చింది, ఆ సంవత్సరాలను దృష్టిలో పెట్టుకుంటే లోజర్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1619 నుంచి 1623 వరకు జర్మన్ రాజ్యాలలో చిల్లర నాణేలలో వెండి తగ్గించి రాగి కలిపే పోటీ సాగింది. ఆ పనికి బ్రౌన్‌ష్వైగ్‌లోనే ఫ్రీడ్రిష్ ఉల్రిష్ ప్రభువు పాలనలో అనేక కొత్త టంకశాలలు తెరిచారు. మంచి టాలర్లను ఏరి కరిగించారు, జీతం తెచ్చుకున్నవాడి చేతిలో డబ్బు రోజురోజుకూ చచ్చుబడింది. అలాంటి సమయంలో తాత కొనిపెట్టిన పూర్తి తూకపు లోజర్ ఇంటి పెట్టెలో ఉన్న కుటుంబానికి అది ఎంత ఆసరా అయి ఉంటుందో ఆలోచించండి. జూలియస్ తన ప్రయోజనం కోసమే ఈ పద్ధతి పెట్టి ఉండవచ్చు, కానీ దాని మేలు ఇళ్ళకు కూడా చేరి ఉంటుందని నేను నమ్ముతున్నాను. అలాంటప్పుడు దాచినవాళ్ళలో కొందరు దాన్ని కరిగించుకుని బతికి ఉండవచ్చు.

సెగోవియా_చక్రం

బ్రౌన్‌ష్వైగ్ ఒక్కటే చూస్తే ఈ ప్రశ్న తేలదు, స్పెయిన్‌తో కూడా పోల్చి చూడాలి. అక్కడి సెగోవియాలో ఎరెస్మా నది ఒడ్డున రాజు రెండవ ఫిలిప్ 1580లలో నీటి చక్రాలతో నడిచే టంకశాలను కట్టించాడు. యంత్రాలూ పనివాళ్ళూ ఈనాటి ఆస్ట్రియాలో టిరోల్ ప్రాంతంలోని హాల్ అనే ఊరి నుంచి వచ్చారు. అచ్చులు చెక్కిన రోలర్ల మధ్య వెండి రేకును నడిపి, తరువాత గుండ్రంగా కోసేవారు. సుత్తితో కొట్టిన నాణెం మీద తరచూ ఏదో ఒక మూల ముద్ర పడదు, రోలర్ నుంచి వచ్చినదాని మీద అంచు దాకా సమానంగా పడుతుంది.

ఆ టంకశాల 1609 నుంచి యాభై రియాళ్ళ (రియాల్ అంటే స్పెయిన్ వెండి నాణెం) విలువ గల వెండి నాణెం తయారుచేసింది, దాన్ని సింకువెంతీన్ అంటారు. స్పెయిన్‌లో వాడిన కాస్తీలియా మార్కు 230 గ్రాములకు 67 రియాళ్ళ లెక్కన అది దాదాపు 172 గ్రాములు తూగాలి, వెడల్పు ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. రాజు కానుకలకూ, అనుమతి పొందిన కొద్దిమంది కోసం వాళ్ళ వెండితోనూ ముద్రించేవారు. దాని మీద 50 అన్న విలువ అచ్చులోనే ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, టంకశాల గుర్తు ఉంటుంది. మన పట్టికలో అది నాణేల విభాగంలోనే ఉంది, ఎవరూ కదపలేదు. సింకువెంతీన్‌కు ఒక నియమం, లోజర్‌కు ఇంకొక నియమం పెట్టడం న్యాయం కాదు.

పాతబస్తీ_నాణేలు

ఇది బలమైన మాట, ఒప్పుకుంటాను. దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు.

బందరు_రేవు

ఒక సందేహం. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో స్థిరపడ్డారు, మన కలంకారీ బట్టలకు బంగారమూ వెండీ ఇచ్చి కొన్నారు. ఆ వెండితో పాటు ఇలాంటి పెద్ద ముక్కలు మన తీరానికి వచ్చి ఉంటాయా?

తూనికరాయి

వ్యాపారానికి వచ్చినవి ఎనిమిది రియాళ్ళ ముక్కలూ, రైఖ్స్‌టాలర్లూ, డచ్చి రైక్స్‌డాల్డర్లూ. 1629లో ఆస్ట్రేలియా పడమటి తీరంలో మునిగిన బటావియా ఓడ నుంచి తీసిన వెండిలో జర్మన్ టాలర్లు పెద్ద సంఖ్యలో దొరికాయి. తూర్పు దేశాలకు ఏ రకం వెండి ప్రయాణించిందో అది చూపిస్తుంది. లోజర్ పని దేశంలో వెండిని నిలపడం, ఓడ ఎక్కే వెండి పని బయటికి పోవడం. వ్యాపారికి లోజర్‌తో లాభం లేదు, ఎందుకంటే అంత వెండినే విడి టాలర్లుగా తీసుకెళ్తే పంచుకోవడం సులువు.

బందరు_రేవు

అర్థమైంది. పైగా ఇక్కడికి చేరిన వెండిలో ఎంతో భాగం కరిగి కొత్త రూపం తీసుకుంది కాబట్టి వచ్చినా మిగలదు.

నిజాం_మొహరు

హైదరాబాదు నిజాం వంశంతో ముడిపడిన జహంగీర్ వెయ్యి తులాల మొహరు, 1987లో జెనీవా వేలానికి వచ్చినది, బంగారంలో అదే పోకడ అని చెప్పవచ్చు. దాదాపు 12 కిలోల ఆ ముక్క మీద కూడా సంవత్సరం, టంకశాల పేరు ఉన్నాయి.

చరిత్ర_విద్యార్థిని

బంగారపు మొహరుకు విడిగా చర్చ తెరిస్తే మంచిది, అది చాలా పెద్ద కథ. ఇక్కడ వెండి దగ్గరే ఉందాము.

వెండిగుట్ట

ఇప్పటివరకు వచ్చినవాటిని బట్టి పట్టికలో ఇలా రాయాలనుకుంటున్నాను. లోజర్‌ను నాణేల విభాగంలో "బహుళ టాలర్లు" అన్న ఉపశీర్షిక కింద పెడతాను. జూలియస్ కాలపు నిర్బంధ నిల్వ ముక్కలకూ, 17వ శతాబ్దపు కానుక ముక్కలకూ వేరువేరు పరిచయం రాస్తాను. ఒకే అచ్చుతో వచ్చిన వేరువేరు తూకాలను ఒకే వరసలో కలపకుండా, విడిగా కొట్టిన అంకెను బట్టి విడదీస్తాను. కొండి తీసిన ఆనవాలు ఉంటే ఆ సంగతి విధిగా నమోదు చేయాలి.

పాతబస్తీ_నాణేలు

విలువ అంకె ఉన్నవాటికి నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. కానీ అంకె లేకుండా, టాలర్ తూకానికి సరిగ్గా ఇన్ని రెట్లని తేలని ముక్కలు కొన్ని ఉంటాయి, వాటిని మాత్రం పతకాలలోనే ఉంచాలి. కానుకగా ఇచ్చారన్న సమాచారం కూడా తొలగించకూడదు. చదివేవాడు దీన్ని సంతలో తిరిగిన టాలర్‌తో సమానంగా ఊహించుకునే ప్రమాదం ఉంది.

వెండిగుట్ట

రెండు షరతులకూ సమ్మతమే. తూకం సరిపడనివాటిని తూనికరాయి గారు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే బాగుంటుంది.

తూనికరాయి

చేస్తాను. అరుగుదలకు ఎంత తరుగు అనుమతించాలో ముందు నిర్ణయించుకోవాలి. కొండి పెట్టి తీసినవాటికి వేరే లెక్క కావాలి.

హానోవర్_తెలుగు

పట్టికలో మూడు టాలర్ల గుర్రం ముక్క చిత్రం చాలా మసకగా ఉంది, అంకె కనిపించడం లేదు. ఇక్కడి ప్రదర్శనశాలలో అదే రకం ఉంది, ఫొటోలకు అనుమతి ఉంది. ఈ వారాంతంలో వెళ్ళి రెండు వైపులూ, వీలైతే అంచు కూడా తీసి ఇక్కడ పెడతాను.

కంసాలి_వీధి

అంకెను పక్కనుంచి వెలుగు పడేలా తీయండి. అప్పుడే చుట్టూ లోహం ఉబ్బిందో లేదో కనిపిస్తుంది.